‘రక్తం అబద్ధం చెప్పదు’ అంటున్నారు మా ఆయన

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు. ఇప్పుడు నాలుగో నెల. మొదటి చెకప్‌లో రాసిన రక్తపరీక్షలన్నీ బాగానే వచ్చాయి కానీ, వీడీఆర్‌ఎల్ దగ్గర మాత్రం ‘రియాక్టివ్ 1:4’ అని ఉంది. డాక్టరుగారు కంగారు పడొద్దన్నారు, టీపీహెచ్‌ఏ అని ఇంకో పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోపు మా ఆయన ఫోన్‌లో వెతికి, ఇది సుఖవ్యాధి పరీక్ష అని చదివారు. ‘రక్తం అబద్ధం చెప్పదు కదా’ అని ఒక్క మాట అన్నారు. అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు. నా జీవితంలో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. మరి నాకెలా వచ్చింది అని ఆలోచిస్తే ఆయన మీదే అనుమానం వస్తోంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి దొంగల్లా తప్పుకుని తిరుగుతున్నాం. ల్యాబు మార్చి మళ్లీ చేయించుకోనా? బిడ్డకు ఏమైనా అవుతుందా? గర్భమని తెలిసిన కొత్తలో మలేరియా వచ్చి తగ్గింది. రెండేళ్ల క్రితం మొదటి గర్భం పన్నెండో వారంలో పోయింది, కారణం తెలియలేదు. వేరే జబ్బులేమీ లేవు.
— పేరు రాయలేని పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఆయన అన్న మాట దగ్గర ఆగాను. రెండోసారి, చివర్లో మీరు పైపైన రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ రాత్రి మీకు కాస్త నిద్ర పట్టే మాట చెప్పనివ్వండి.

వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ అని వచ్చినంత మాత్రాన సిఫిలిస్ అనే ఆ సుఖవ్యాధి ఉన్నట్టు కాదు. అలాగని లేదనీ ఇప్పుడే చెప్పలేం. రెండో పరీక్ష చేసి తేల్చుకోవాలి, అంతే దాని అర్థం. మీ డాక్టరుగారు సరిగ్గా అదే చేశారు. ల్యాబు మార్చనక్కర్లేదు. ల్యాబులో ఏ పొరపాటూ జరక్కుండా, పరీక్ష ఎలా పనిచేయాలో అలాగే పనిచేసి కూడా, జబ్బు లేని మనిషికి రియాక్టివ్ రావచ్చు. వినడానికి వింతగా ఉంటుంది. ముప్పయ్యేళ్లు ఈ పరీక్షల బల్ల దగ్గరే గడిపినవాణ్ణి, నాకూ మొదట్లో వింతగానే ఉండేది.

ఆ బల్ల మీద ఏం జరుగుతుందో చెప్తాను. మీ రక్తం నుంచి వేరుచేసిన సీరాన్ని 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచుతారు. గాజు పలక మీద గుండ్రటి గుంటలో కొంచెం సీరం వేసి, దానికి ఒక చుక్క యాంటిజెన్ (సీరంలోని యాంటీబాడీలు పట్టుకునే పదార్థం) కలుపుతారు. పలకను యంత్రం మీద పెట్టి నిమిషానికి 180 చుట్ల వేగంతో 4 నిమిషాలు తిప్పి, వెంటనే మైక్రోస్కోపు కింద చూస్తారు. సన్నటి రేణువులు విడివిడిగా తేలుతుంటే నాన్ రియాక్టివ్. ముద్దలు కట్టి కనిపిస్తే రియాక్టివ్. తర్వాత సీరాన్ని రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పలచన చేసుకుంటూ ఎక్కడిదాకా ముద్ద కడుతుందో చూస్తారు. మీ 1:4 అంటే నాలుగింతలు పలచన చేసినా కట్టింది, ఎనిమిదింతలకు కట్టలేదు. ఇది తక్కువ స్థాయే.

ఇప్పుడు మీ ఆయన్ని ఒక ప్రశ్న అడగండి. ఆ యాంటిజెన్ చుక్కలో సిఫిలిస్ క్రిమి ఎంత ఉంటుంది?

అసలు ఉండదు. అందులో ఉండేది కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం. పశువుల గుండె కండరం నుంచి తీస్తారు. దానికి తోడు లెసిథిన్, కొలెస్టరాల్. అంతే. క్రిమి ముక్క ఒక్కటి కూడా లేని ద్రావణంతో క్రిమి ఉందో లేదో అంచనా వేస్తున్నాం.

ఇదెలా మొదలైందో తెలిస్తే సగం అనుమానం తీరుతుంది. సిఫిలిస్ క్రిమిని 1905లో కనిపెట్టారు. దాన్ని సీసాలో పెంచడం ఎవరి వల్లా కాలేదు. మరుసటి ఏడాది, 1906లో, జర్మనీలో ఆగస్ట్ వాసర్‌మన్, ఆల్బర్ట్ నైసర్, కార్ల్ బ్రూక్ కలిసి ఒక రక్తపరీక్ష తయారుచేశారు. క్రిమి కావాలి, పెంచడం రాదు. అందుకని సిఫిలిస్‌తో చనిపోయి పుట్టిన శిశువుల కాలేయం తీసుకున్నారు. అందులో క్రిములు లెక్కలేనన్ని ఉంటాయి. ఆ కాలేయ సారాన్ని యాంటిజెన్‌గా వాడారు. పరీక్ష పనిచేసింది. కొద్ది కాలానికే ఇంకొందరు మామూలు కాలేయంతోనూ, ఆరోగ్యమైన జంతువుల గుండెతోనూ చేసి చూస్తే, అదీ అంతే బాగా పనిచేసింది! పరీక్ష పట్టుకుంటున్నది క్రిమిని కాదని, మామూలు శరీరంలో ఉండే ఏదో పదార్థానికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీని (పరాయిదాన్ని పట్టుకోవడానికి మన రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్‌ని) అని అప్పుడు తెలిసింది. ఆ పదార్థం ఏమిటో తేల్చి గుండె నుంచి శుభ్రంగా వేరుచేసింది మేరీ పాంగ్‌బార్న్ అనే శాస్త్రవేత్త, 1941లో. కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది కూడా ఆవిడే. అంటే ముప్పై అయిదేళ్లపాటు, దేన్ని కొలుస్తున్నారో సరిగ్గా తెలియకుండానే ప్రపంచమంతా ఆ పరీక్ష చేసింది.

ఆ కార్డియోలిపిన్ మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది, శక్తి తయారయ్యే మైటోకాండ్రియా పొరల్లో. చాలా బ్యాక్టీరియాల పొరల్లోనూ ఉంటుంది. మామూలుగా అది కణం లోపల దాగి ఉంటుంది కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు దాంతో పని పడదు. సిఫిలిస్‌లో కణాలు దెబ్బతిని అది బయటపడుతుంది, క్రిమి కొవ్వులూ తోడవుతాయి, శరీరం దానికి యాంటీబాడీలు చేస్తుంది. అయితే ఒంట్లో గందరగోళం చేసే జబ్బు సిఫిలిస్ ఒక్కటే కాదు కదా. మలేరియా చేస్తుంది. కుష్ఠు చేస్తుంది. కొన్ని వైరల్ జ్వరాలు చేస్తాయి. టీకా వేయించుకున్న తర్వాత కొద్ది రోజులు కనిపించవచ్చు. లూపస్ లాంటి జబ్బుల్లో, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదికే తిరిగినప్పుడు, కనిపిస్తుంది. గర్భిణుల్లో కూడా, ఏ జబ్బూ లేకుండానే, అప్పుడప్పుడు కనిపిస్తుందని ఎప్పటినుంచో తెలుసు. మీకు గర్భం ఉంది, ఈ మధ్యే మలేరియా వచ్చింది. అంటే ఆ జాబితాలో రెండు కారణాలు మీ దగ్గరే ఉన్నాయి.

మా భాషలో దీన్ని బయలాజికల్ ఫాల్స్ పాజిటివ్ అంటాం. క్రాస్ రియాక్షన్ అనే పెద్ద కుటుంబంలో ఇదొక సభ్యుడు. ఒకదాని కోసం పుట్టిన యాంటీబాడీ, దాని పోలికే ఉన్న మరోదానికి అతుక్కోవడం. జనసమ్మర్దంలో వెనకనుంచి చూసి తెలిసినవాళ్లనుకుని భుజం తట్టి, వాళ్లు తిరిగేసరికి నాలుక కరుచుకుంటాం చూడండి, అదే ఇది. యాంటీబాడీకి ఎదురుగా ఉన్న క్రిమి మొత్తం కనిపించదు. దాని పట్టు చాలా చిన్నది. ప్రొటీన్ అయితే ఓ పదీ పదిహేను అమైనో ఆమ్లాలంత మేర, చక్కెర గొలుసు అయితే దానిలో నాలుగైదు గింజలు. అంత చిన్న ముక్క ఇంకెక్కడైనా అలాగే ఉంటే, అక్కడా అతుక్కుంటుంది.

అది ఎంత విచిత్రంగా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో టైఫస్ జ్వరం విపరీతంగా ఉండేది (టైఫాయిడ్ కాదు, పేన్ల ద్వారా పాకే వేరే జ్వరం). ఆ జ్వరం ఉన్న రోగి మూత్రంలో ప్రోటియస్ అనే మామూలు బ్యాక్టీరియా దొరికింది. ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ అనే ఇద్దరు 1916లో గమనించిందేమిటంటే, టైఫస్ రోగుల సీరం ఈ ప్రోటియస్‌ను ముద్ద కట్టిస్తోంది. టైఫస్‌కూ ప్రోటియస్‌కూ ఏ సంబంధమూ లేదు, రెండింటి ఒంటి మీదా పోలిక ఉన్న ఒక చక్కెర గొలుసు తప్ప. ఆ పోలికనే పరీక్షగా మార్చారు. వైల్-ఫెలిక్స్ పరీక్ష అని, ఇంతకంటే మంచి పరీక్షలు అందని చోట్ల ఇప్పటికీ చేస్తారు. 1932లో పాల్, బన్నెల్ అనే ఇద్దరు ఇంకో వింత చూశారు. గ్రంథులు వాచి జ్వరం వచ్చే మోనోన్యూక్లియోసిస్ అనే జబ్బులో రోగి సీరం గొర్రె రక్తకణాలను ముద్ద కట్టిస్తుంది! ఆ జబ్బు తెచ్చే వైరస్‌ను కనిపెట్టడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది గానీ, గొర్రె రక్తంతో పరీక్ష మాత్రం అప్పుడే మొదలైంది.

అంటే ‘పోలిక’ మాకు శత్రువేమీ కాదు. చాలాసార్లు అదే దారి చూపించింది. మశూచి టీకా మొదలైందే దానితో. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు పొక్కుల రసాన్ని ఒక పిల్లవాడికి ఎక్కించాడు, ఆవు వైరస్‌కు పుట్టిన రక్షణ మనిషి వైరస్‌నూ అడ్డుకుంది. అది కూడా క్రాస్ రియాక్షనే. ప్రాణం కాపాడితే రక్షణ అంటాం, రిపోర్టులో తప్పుదారి పట్టిస్తే ఫాల్స్ పాజిటివ్ అంటాం, ఒంట్లో జరిగేది మాత్రం ఒక్కటే.

తప్పుదారి పట్టించిన సందర్భాలూ తక్కువేం కాదు. జ్వరం వచ్చినవాళ్లకు చేసే వైడాల్ పరీక్ష సంగతి మీరు వినే ఉంటారు. 1896 నాటిది. టైఫాయిడ్ లేకపోయినా, దాని చుట్టాలైన ఇతర సాల్మొనెల్లాలు ఒంట్లోకి వచ్చి వెళ్లినా, మలేరియా ఉన్నా, ఎప్పుడో టీకా వేయించుకున్నా పాజిటివ్ రావచ్చు. డెంగీ, జికా రెండూ దగ్గరి చుట్టాలు. 2015, 2016లలో దక్షిణ అమెరికాలో జికా వ్యాపించినప్పుడు, అంతకు ముందే డెంగీ వచ్చిపోయిన గర్భిణులకు యాంటీబాడీ పరీక్ష చేస్తే ఏది ఏదో తేల్చడానికి ల్యాబులు తలలు పట్టుకున్నాయి. బిడ్డ తల చిన్నదవుతుందేమోనన్న భయంతో ఎదురుచూసే తల్లికి ‘రెండింటిలో ఏదో ఒకటి’ అని రిపోర్టు ఇవ్వాల్సి రావడం ఎలా ఉంటుందో ఆలోచించండి. 2020లో సింగపూర్‌లో దీనికి తిరగబడ్డ కథ జరిగింది. ఇద్దరు రోగులకు డెంగీ ర్యాపిడ్ టెస్టు పాజిటివ్ వచ్చింది, చివరికి తేలింది కోవిడ్ అని.

కాబట్టి మీ ఆయనతో ఇలా అనండి. రక్తం అబద్ధం చెప్పలేదు, నిజమే. ‘కార్డియోలిపిన్‌కు అతుక్కునేది నీలో ఏమైనా ఉందా’ అని అడిగారు, ‘కొంచెం ఉంది’ అంది. అది ఎందుకు ఉందో ఇంకా ఎవరూ అడగలేదు. అడగడానికే టీపీహెచ్‌ఏకు పంపారు.

పేరు కూడా కొంప ముంచింది లెండి. వీడీఆర్‌ఎల్ అంటే వెనీరియల్ డిసీజ్ (సుఖవ్యాధి) రీసెర్చ్ లేబొరేటరీ. ఆ పరీక్షను తయారుచేసిన ల్యాబు పేరది. 1940ల నుంచీ అదే పేరు నడుస్తోంది. ఫోన్‌లో వెతికిన ప్రతివాడికీ మొదట కనిపించేవి ఆ రెండు మాటలే. దానికి కార్డియోలిపిన్ పరీక్ష అని పేరు పెట్టి ఉంటే ఎన్ని ఇళ్లలో గొడవలు తప్పేవో.

ఇక టీపీహెచ్‌ఏ. ఇందులో నిజంగానే సిఫిలిస్ క్రిమి ముక్కలుంటాయి, రక్తకణాలకు పూతలా పూసి ఉంచుతారు. ఇక్కడా పోలికల బెడద ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల నోట్లో, పళ్ల చిగుళ్ల దగ్గర, సిఫిలిస్ క్రిమికి దూరపు చుట్టాలైన ట్రెపొనీమాలు ఉంటాయి. వాటికీ మన ఒంట్లో యాంటీబాడీలుంటాయి. మొదట్లో వచ్చిన పరీక్షలు వీటివల్ల కూడా పాజిటివ్ చూపించేవి. దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. ముందు సీరాన్ని రైటర్ అనే నిరపాయమైన ట్రెపొనీమా సారంతో కలుపుతారు. అందరికీ ఉండే ఉమ్మడి యాంటీబాడీలు దానికి అతుక్కుని పక్కకు పోతాయి. మిగిలినవాటితో పరీక్ష చేస్తారు. బియ్యంలో రాళ్లు ఏరేసి ఎసట్లో పోసినట్టు. ఎఫ్‌టీఏ-ఏబీఎస్ అని ఇంకో పరీక్ష పేరు వింటే, చివరి మూడక్షరాలు ఈ పీల్చేయడం గురించే. 1960ల నుంచీ ఉంది. టీపీహెచ్‌ఏలోనూ సీరాన్ని పలచన చేసే ద్రావణంలోనే ఈ ఏరివేత జరిగిపోతుంది.

మొదటి పరీక్షే ఇంత శుభ్రంగా ఎందుకు పెట్టకూడదు అంటారా? కొన్నిచోట్ల పెడుతున్నారు, ముందు క్రిమి పరీక్ష, తర్వాత కార్డియోలిపిన్ పరీక్ష. కానీ ఏది ముందు పెట్టినా లెక్క ఒకటి ఉంది, దాన్ని తప్పించుకోలేం. ఒక పరీక్ష జబ్బున్న వాళ్లను ఒక్కరినీ వదలదనుకుందాం. జబ్బు లేని వంద మందిలో తొంభై తొమ్మిది మందికి సరిగ్గానే ‘లేదు’ అంటుందనుకుందాం. చాలా మంచి పరీక్షే. 10,000 మంది గర్భిణులకు చేశాం, వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు 10 మంది. ఆ 10 మందీ దొరుకుతారు. మిగిలిన 9,990 మందిలో నూటికి ఒకరు చొప్పున దాదాపు 100 మంది కూడా దొరుకుతారు. చేతిలో పాజిటివ్ రిపోర్టు ఉన్నవాళ్లు 110 మంది, జబ్బున్నవాళ్లు 10 మంది. జబ్బు అరుదైన చోట మంచి పరీక్ష కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. ఇవి మీకు అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు, మీ రిపోర్టు లెక్క కాదు. అందుకే ఏ పెద్ద జబ్బుకైనా ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వరు. హెచ్‌ఐవీ ఉందని చెప్పాలంటే వరసగా మూడు వేర్వేరు పరీక్షలు రియాక్టివ్ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి చెబుతోంది.

ఇవన్నీ నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు సాయంత్రం, కిటికీ దగ్గర నిలబడ్డ ఒకాయన తొందర పెడితే, ఆయన భార్య వీడీఆర్‌ఎల్ రిపోర్టు, రెండో పరీక్ష ఇంకా కాకుండానే, సంతకం చేసి చేతిలో పెట్టేశాను. కాగితం చూసుకుని ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత రెండో పరీక్ష చేస్తే నెగటివ్. ఆ కాగితం తీసుకోవడానికి ఎవరూ రాలేదు. చాలా రోజులు సొరుగులోనే ఉంది. మీ ఉత్తరంలో ‘ముభావంగా ఉంటున్నారు’ అన్న మాట చదవగానే నాకు ఆ సొరుగే గుర్తొచ్చింది.

సరే, మీ రిపోర్టు ఎలా రావచ్చో చూద్దాం.

టీపీహెచ్‌ఏ నెగటివ్ వస్తే, మీకు సిఫిలిస్ లేదనడానికి బలమైన ఆధారం అది. మరీ ఈమధ్యే సోకి ఉంటే తప్పించుకునే అవకాశం కొంచెం ఉంటుంది కాబట్టి రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ ఒకసారి చేస్తారు. మలేరియా వల్ల వచ్చినదైతే సాధారణంగా ఆరు నెలల్లోపు తగ్గిపోతుంది.

పాజిటివ్ వస్తే? అప్పుడు కూడా నేల కుంగిపోదు. సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బు. వైద్యం చేయకుండా వదిలేస్తేనే బిడ్డకు ప్రమాదం, గర్భం పోవచ్చు, బిడ్డకు సోకవచ్చు. మీది నాలుగో నెల, చేతిలో కావలసినంత సమయం ఉంది. కాన్పుకు కనీసం నాలుగు వారాల ముందే వైద్యం జరిగితే బిడ్డను కాపాడుకోవచ్చు, ఎంత ముందయితే అంత మంచిది. గర్భిణులకు దీనికి వాడేది పెన్సిలిన్ ఇంజెక్షనే. వేరే మాత్రలు మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోవద్దు. పెన్సిలిన్ పడని మనిషైతే ఆ మాట ముందే చెప్పండి. కొందరు డాక్టర్లు రెండో రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ముందే ఇంజెక్షన్ ఇస్తారు. అలా ఇస్తామంటే ‘అయితే నాకు జబ్బు ఖాయమన్నమాట’ అనుకోకండి. బిడ్డ విషయంలో రిస్కు తీసుకోకూడదని ఇస్తారు.

ఇంకో సంగతి మీ ఇద్దరికీ తెలియాలి. టీపీహెచ్‌ఏ పాజిటివ్ మీద తేదీ ఉండదు. ఎప్పుడు సోకిందో చెప్పదు, ఎవరి నుంచో చెప్పదు. ఎప్పుడో వచ్చి నయమైపోయిన జబ్బుకు కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. తల్లి నుంచి పుట్టుకతో సోకి ఉండొచ్చు. యాస్ అని పిల్లలకు చర్మం తాకితే అంటుకునే ఒక జబ్బు ఉంది, దాని క్రిమికీ సిఫిలిస్ క్రిమికీ తేడా ఎంత తక్కువంటే ఈ పరీక్ష రెండింటినీ విడదీయలేదు. కాబట్టి ఆ కాగితాన్ని సాక్ష్యంగా పెట్టుకుని ఎవరూ ఎవరినీ బోనులో నిలబెట్టలేరు. ఆయన్ని మీరూ నిలబెట్టలేరు.

మీ ఆయన కూడా పరీక్ష చేయించుకోవాలి. మీ రిపోర్టు రాకముందే, ఇద్దరూ కలిసి వెళ్లి. ఆయనకు నెగటివ్ వస్తే డాక్టరుకు సగం చిత్రం స్పష్టమవుతుంది. పాజిటివ్ వస్తే ఆయనకూ వైద్యం కావాలి, లేకపోతే నయమైన మీకు మళ్లీ అంటుకుంటుంది. ‘నన్ను అనుమానిస్తున్నావా’ అంటే, ‘డాక్టరు ఇద్దరివీ అడుగుతారు’ అనండి, అది నిజమే కూడా. ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించడం కంటే, కాగితం ఆయన చేతిలో పెట్టి మీరు పక్క గదిలోకి వెళ్లడం మంచిదని నా ఉద్దేశం. ఇలాంటివి మగవాళ్లు ఎవరూ చూడకుండా చదువుకుంటేనే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆ వాక్యం. ‘మొదటి గర్భం పన్నెండో వారంలో పోయింది, కారణం తెలియలేదు.’

రెండో ప్రపంచయుద్ధం నాటికి సిఫిలిస్ రక్తపరీక్ష లక్షల మందికి చేసేవారు, సైన్యంలో చేరేటప్పుడు, పెళ్లికి ముందు. ఏ విధంగా చూసినా సిఫిలిస్ వచ్చే అవకాశం లేనివాళ్లలోనూ కొందరికి రియాక్టివ్ వచ్చేది. వాళ్ల గోడు వినేవాళ్లు లేరు, ఎందుకంటే కాదని తేల్చే పరీక్షే లేదు. ప్రాణమున్న క్రిములతో చేసే మొదటి అసలైన పరీక్ష 1949లో వచ్చింది. దానితో మళ్లీ పరీక్షిస్తే వీళ్లలో చాలామందికి జబ్బు లేదని తేలింది. అయితే కథ అక్కడ ఆగలేదు. అమెరికాలో జోసెఫ్ మూర్, చార్లెస్ మోర్ అనే ఇద్దరు వైద్యులు 1952లో ఒక మాట బయటపెట్టారు. ఈ ‘తప్పుడు’ రియాక్టివ్ కొందరిలో కొన్నాళ్లకు పోతోంది, కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతోంది. ఉండిపోయినవాళ్లలో లూపస్ లాంటి జబ్బులు చెప్పుకోదగినంతగా కనిపిస్తున్నాయి. తర్వాత మూడు దశాబ్దాలకు, 1983లో, లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ ముక్కలన్నీ కలిపారు. కార్డియోలిపిన్ లాంటి కొవ్వుల మీద యాంటీబాడీలు నిలకడగా ఉన్న కొంతమందిలో రక్తం గడ్డకడుతోంది, గర్భాలు పోతున్నాయి. దాన్నే ఇప్పుడు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటున్నారు.

భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. ఒక్క గర్భం పోవడం ఎందరికో జరుగుతుంది, ఎక్కువసార్లు దానికి ఈ జబ్బుతో సంబంధం ఉండదు. మలేరియా వల్ల వచ్చే యాంటీబాడీలు వేరు జాతి. అవి నేరుగా కార్డియోలిపిన్‌కు అతుక్కుంటాయి, సాధారణంగా రక్తాన్ని గడ్డకట్టించవు. ఈ సిండ్రోమ్‌లో హాని చేసేవి ముఖ్యంగా బీటా-2 గ్లైకోప్రొటీన్ అనే రక్తంలోని ప్రొటీన్‌ను పట్టుకునేవి. 1990లో ఈ తేడా తెలిసింది. మీలో ఉన్నవి బహుశా మొదటి రకమే. కానీ పదో వారం దాటాక, కారణం లేకుండా పోయిన గర్భం, దానికి తోడు ఇప్పుడు ఈ రియాక్టివ్, ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు ఒక్కసారి చూసుకోవడం మంచిది. టీపీహెచ్‌ఏ నెగటివ్ వచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేసే క్షణంలోనే ఇది జారిపోతుంది. యాంటీ కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్, లూపస్ యాంటీకోయాగ్యులంట్ అని మూడు పరీక్షలు ఉన్నాయి. పాజిటివ్ వస్తే పన్నెండు వారాల తర్వాత మళ్లీ చేసి చూడందే పేరు పెట్టరు. జ్వరాల వల్ల వచ్చేవి ఆ లోపు పోతాయి కాబట్టి ఆ గడువు పెట్టారు. అదే నిజమని తేలితే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో గర్భాన్ని నిలబెట్టే వైద్యం ఉంది. వేయాలా వద్దా, ఎప్పటినుంచి అన్నది మీ డాక్టరు నిర్ణయం.

మొదటి గర్భం సంగతి ఈ డాక్టరుగారికి చెప్పారా? వారాల లెక్కతో సహా చెప్పారా? ఎప్పుడైనా కాలు ఒక్కటే వాచి నొప్పి పెట్టిందా, కీళ్ల నొప్పులు, ఎండకు ముఖం మీద దద్దుర్లు ఉన్నాయా, ఇవి కూడా రాసుకుని వెళ్లండి. మలేరియా ఏ తేదీన వచ్చిందో ఆ రిపోర్టు ఉంటే తీసుకెళ్లండి. మొదటి గర్భం నాటి స్కానింగు కాగితాలు ఎక్కడున్నాయో మీ ఆయనకే తెలిసి ఉండొచ్చు. వెతికి పెట్టమని అడగండి.